రాకెట్టు, తాళం, చీపురు

తెరమీద చిన్న చక్రం తిరుగుతోంది. అది తిరిగినంతసేపూ పెద్దకోడలు దాని వంకే చూస్తూ కూర్చుంటుంది.

బట్టలుతికే మిషన్లోంచి నీళ్ళు బయటికి పోవడం లేదు, ఏం చెయ్యాలి అని ఎవరో ఆవిడ రాసింది. ఆ ప్రశ్న వచ్చింది గానీ, దాని కింద జవాబు రాయడానికి ఉండాల్సిన పెట్టె రాలేదు. జవాబేమో నాలుక చివర ఉంది. కిందివైపు చిన్న మూత ఉంటుంది, దాని వెనక జల్లెడ ఉంటుంది, అందులో ఏ గుండీయో హెయిర్ పిన్నో ఇరుక్కుని ఉంటుంది. తను ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న ఆ మిషన్ల కంపెనీ పంపిన పాఠాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం, చెప్పుకోవడానికి పెట్టె ఉండాలి కదా.

అడిగినవాళ్ళని ఎక్కువసేపు నిలబెట్టకూడదన్నది కంపెనీ నియమం. జవాబు ఆలస్యమైతే ఆ మనిషి ఇంకో ఉద్యోగి దగ్గరికి వెళ్ళిపోతారు, ఇక్కడ ఈమె పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. ఈ వారమంతా పరీక్ష. శనివారానికి చుక్కలు తక్కువగా ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం దొరుకుతుంది, ఎక్కువైతే లేదు. ఆ ఉద్యోగం ఆమెకి కావాలి. ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే కోపం వచ్చేంతగా కావాలి.

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏమైంది?"

"ఏమీ అవడం లేదు. అదే బాధ."

"నువ్వు ఊరికే నొక్కుతూ ఉంటావు. అందుకే బిగుసుకుపోతుంది. ఒక్కసారి నొక్కి వదిలెయ్యాలి."

"ఒక్కసారే నొక్కాను."

"మరి తిరుగుతోందే."

పేజీ తెల్లగా మారి, కాసేపు అలాగే ఉండి, నిదానంగా పైనుంచి కిందికి దిగింది. అప్పటికి ప్రశ్న అడిగినావిడ వెళ్ళిపోయింది. ఎర్రచుక్క మాత్రం చక్రం గిక్రం ఏమీ లేకుండా టక్కున వచ్చింది.

"మా ఆఫీసులోనూ ఇదే బ్రౌజరు. చక్కగా నడుస్తుంది" అన్నాడు భర్త, తప్పు బ్రౌజరుది కాదని తేల్చేస్తూ. "నువ్వు కంగారుపడకు. తమ్ముణ్ణి పిలుస్తానుండు."

ఆ ఇంట్లో కంప్యూటరుకి జబ్బు చేస్తే పిలిచేది మరిదినే. అతను ఫోన్లు అమ్మే షాపులో పనిచేస్తాడు గనక, తెర ఉన్న వస్తువేదైనా అతని ఏలుబడిలోకే వస్తుందని అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. అతనూ చిన్నకోడలూ ఉండేది పై అంతస్తులో. వంటిల్లు మాత్రం కిందే, అందరికీ ఒకటే. నోట్లో బ్రష్షుతోనే దిగివచ్చాడు.

"లేవండి వదినా" అని కూడా అనలేదు. కుర్చీ వెనక నిలబడ్డాడంతే. ఆమే లేచింది. గదిలో వేరే బల్ల లేక ల్యాప్‌టాప్‌ని ఇస్త్రీబల్ల మీద పెట్టుకుంది. ఎవరైనా మోచెయ్యి ఆనిస్తే అది ఊగుతుంది. ఊగకుండా ఒక చేత్తో పట్టుకుని పక్కన నిలబడింది.

బ్రౌజరు పైన కుడిమూల అప్పటికే కొన్ని చిన్న బొమ్మలున్నాయి. అవన్నీ బ్రౌజరుకి తగిలించుకునే అదనపు సరుకులు. సూర్యుడి బొమ్మ వాతావరణం చెబుతుంది, డాలు బొమ్మ ప్రకటనల్ని ఆపుతుంది, ఈ రెండూ భర్త పెట్టినవి. భూతద్దం అత్తగారు వార్తలు చదువుకోవడానికి అక్షరాల్ని పెద్దవి చేస్తుంది. మరిది వాటి వంక చూసి పెదవి విరిచాడు.

"దీంట్లో స్పీడు లేదు వదినా. స్పీడు పెట్టాలి."

రాకెట్టు బొమ్మ ఒకటి వచ్చి వరసలో కూర్చుంది. దాని పక్కన ఎర్రటి అరచెయ్యి. రాకెట్టు పేజీల్ని లాక్కొస్తుందిట, చెయ్యి ప్రకటనల్ని ఆపుతుందిట. ప్రకటనలు ఆపడానికి డాలు ఉంది కదా అని ఆమె అనబోయింది. డాలు పెట్టినవాడు పక్కనే ఉన్నాడు గనక ఊరుకుంది. మరిది బ్రౌజరు మూసి తెరిచాడు. పేజీ ఠక్కున వచ్చింది.

"చూశారా" అన్నాడు నురగ నోటితో. భర్త తమ్ముడి భుజం తట్టాడు. ఇద్దరూ చెరోవైపు వెళ్ళిపోయారు.

భర్త బండి చప్పుడు వీధి మలుపు దాటకముందే చక్రం మళ్ళీ మొదలైంది. గుమ్మంలో చిన్నకోడలు టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆమె కూడా అదే కంపెనీకి దరఖాస్తు పెట్టుకుంది, వచ్చేవారం ఆమె వంతు పరీక్ష.

"అక్కా, నాకూ ఇలాగే అవుతుందా?"

"నీకు బాగానే ఉంటుందిలే" అంది పెద్దకోడలు, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

మర్నాటికి పరిస్థితి ఇంకా దిగజారింది. రాకెట్టుకి ఒక అలవాటుంది. పేజీ తెరిచినప్పుడల్లా అది ముందు తన సొంత పేజీ తెరిచి, మీ బ్రౌజరు వేగం పెంచాము, ఇంకా పెంచమంటారా అని అడుగుతుంది. వద్దని చెప్పి దాన్ని మూసేలోపు అసలు పేజీ అలసిపోతుంది. పొద్దుటి నుంచి ఇదే వరస. నీళ్ళు పోనివాళ్ళు, తలుపు తెరుచుకోనివాళ్ళు, బట్టల మీద సబ్బు మరకలు మిగిలినవాళ్ళు, అందరూ వచ్చి, నిలబడి, విసుక్కుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళ విసుగు ఆమెకి అక్షరాల్లో కనబడుతూనే ఉంది. "ఎవరైనా ఉన్నారా?" అని ఒకాయన మూడుసార్లు రాశాడు. ఉన్నానండీ, ఇక్కడే చచ్చినట్టు కూర్చుని ఉన్నాను అని పైకే అనేసి, వినడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి నోరు మూసుకుంది.

భోజనాల వేళకి కాస్త ముందు ఆమె ఆ రాకెట్టు మీద నొక్కి, తీసెయ్యి అన్నచోట మళ్ళీ నొక్కింది. పోయింది. అంత తేలిగ్గా పోయేదానికి ఇంత ఆర్భాటమా అనుకుంది. పేజీ పూర్తిగా బాగుపడలేదు గానీ నిన్నటికంటే నయంగా నడిచింది. వరసగా ఇద్దరికి జవాబులు చెప్పగలిగింది. ఒకావిడ ధన్యవాదాలని కూడా రాసింది.

మరిది భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని, గదిలోకి తొంగిచూశాడు.

"రాకెట్టేదీ?"

"అడ్డం వస్తోందని తీశాను."

అతను మొహం గంటుపెట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. పళ్ళెం పెట్టిన చోటే ఉండిపోయింది. కాసేపటికి చిన్నకోడలు దిగివచ్చి ఎవరి వంకా చూడకుండా చెప్పింది.

"ఆకలి లేదట."

"వాడికి ఆకలి లేకపోవడం నేను బుద్ధెరిగాక చూళ్ళేదు" అంది అత్తగారు.

సాయంత్రం భర్త ఇంటికి రాగానే సంగతంతా తెలిసిపోయింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"వాడు నిన్న పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా వచ్చి నీకోసం పెడితే తీసేస్తావా? ఏమనుకుంటాడు?"

"అది పెట్టాక ఇంకా నెమ్మదిస్తోంది."

"వాడికి తెలియనిది నీకు తెలిసిందా? పోనీ తెలిసిందే అనుకో. ఉంటే నీకేం పోయింది? రాకెట్టే కదా, నీ నెత్తిమీదేం కూర్చోలేదు కదా."

నెత్తిమీదే కూర్చుందని చెప్పాలనిపించింది. ఎర్రచుక్కలు తన పేరు పక్కన పడుతున్నాయి, అలక మాత్రం మరిదిది. తన ఉద్యోగం ఊడేలా ఉందంటే ఎవరికీ దిగులు లేదు గానీ, అతను ఒక పూట తినకపోతే ఇల్లంతా తలకిందులైపోతోంది. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అయినా మెట్లెక్కి పైకి వెళ్ళింది. నా చెయ్యి తగిలి పోయింది, మళ్ళీ పెట్టవా అని అడిగింది. అడ్డం వస్తోందని తీశానని మధ్యాహ్నం తనే చెప్పిన సంగతి అతనికీ గుర్తుంది, ఆమెకీ గుర్తుంది. ఇద్దరూ గుర్తులేనట్టు నటించారు. రాకెట్టు మళ్ళీ వచ్చి వరసలో కూర్చుంది. మరిదికి ఆకలి వేసింది.

బుధవారం పొద్దున అత్తగారికి మందులిచ్చి పోవడానికి ఆడపడుచు భర్త వచ్చాడు. బ్యాంకులో పనిచేస్తాడు. లోకంలో సగం మంది దొంగలనీ మిగతా సగం మంది అజాగ్రత్తపరులనీ ఆయన నమ్మకం. పెద్దకోడలు ఇస్త్రీబల్ల ముందు తల పట్టుకుని కూర్చుని ఉండడం గుమ్మంలోంచే చూశాడు.

"ఏం చెల్లెమ్మా, నెట్టు సరిగ్గా రావడం లేదా?"

"వస్తోంది అన్నయ్యగారూ, నెమ్మదిగా."

"నెమ్మదిగా వస్తోందంటే మధ్యలో ఎవడో కూర్చుని చూస్తున్నట్టే. లే, నేను చూస్తాను."

వద్దనడానికి ఆమెకి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో నిన్నటి పళ్ళెం గుర్తొచ్చింది. లేచి నిలబడింది.

ఆయన రెండు బొమ్మలు పెట్టాడు. మొదటిది తాళంకప్ప. మనం ఎక్కణ్ణుంచి వెళ్తున్నామో దొంగలకి తెలియకుండా ఏదో దూరదేశం మీదుగా తిప్పి తీసుకెళ్తుందిట. రెండోది చీపురు. వెనకాల మన అడుగుల జాడలు ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుందిట. పని పూర్తిచేసి, చేతులు దులుపుకుని, ఇప్పుడు నిశ్చింతగా ఉండు అన్నాడు. మరిది పెట్టిన రాకెట్టు చూసి, ఇలాంటివి ఎవరు పెట్టారని మాత్రం అడగలేదు. ఆయనకీ మరిదికీ ఇలాంటి విషయాల్లో పడదు, పెద్దమనిషి తరహాగా ఊరుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఆమె ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయింది. పేజీ తెరవగానే మీరెవరని అడుగుతుంది. ఆమె పాస్‌వర్డ్ కొడుతుంది. మీరు కొత్త చోటు నుంచి వస్తున్నారు, మీరు మీరేనని రుజువు చెయ్యండి అంటుంది. ఫోనుకి అంకెలొస్తాయి, అవి కొడుతుంది. లోపలికి వెళ్ళి ఒకరికి జవాబు మొదలుపెట్టేసరికి చీపురు పని చేసేస్తుంది, పేజీ ఆమెని మరిచిపోతుంది. మళ్ళీ మీరెవరు. పొద్దున్నించి అదే ప్రశ్న వినీ వినీ, నిజంగానే తనెవరో తనకే అనుమానం వచ్చేలా ఉంది.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. కొత్త మిషను తెచ్చుకున్నాడట. బట్టలు పిండేటప్పుడు అది గదంతా తిరుగుతోందట. "మొన్న తలుపు దాకా వచ్చింది. దానికి భయపడి మా ఆవిడ పక్కింటికి వెళ్ళిపోయింది" అని రాశాడు. పెద్దకోడలికి వారమంతటిలో మొదటిసారి నవ్వొచ్చింది. ఇది బాగా తెలిసిన రోగమే. మిషను వెనకవైపు పెద్ద బోల్టులు ఉంటాయి. లారీలో దారి పొడవునా లోపలి డ్రమ్ము దెబ్బతినకుండా వాటిని బిగించి పంపుతారు, ఇంటికొచ్చాక తీసెయ్యాలి. తియ్యకుండా తిప్పితే మిషను ఎగిరెగిరి పడుతుంది. ఇదంతా గబగబా రాసి పంపబోయేసరికి పేజీ మీరెవరు అంది.

రాసిందంతా పోయింది. పెద్దాయన పోయాడు. చుక్క పడింది. ఆమె ల్యాప్‌టాప్ మూత కిందికి వాల్చి, దానిమీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. విసిరికొట్టాలని ఉంది. కానీ అది ఇంట్లో అందరిదీను.

గురువారం కంపెనీ నుంచి టీమ్ లీడరు ఫోన్ చేసింది. మంచావిడే, గొంతులో కాఠిన్యం లేదు, అందుకే ఇంకా బాధగా ఉంది.

"మీరు చెప్పిన జవాబులన్నీ చూశాను. చాలా బాగున్నాయి. కానీ సగం మందికి జవాబే లేదు. మీకు వేరే పనులేమైనా అడ్డం వస్తున్నాయా ఇంట్లో?"

"పనులు కాదండి. పేజీ రావడం లేదు."

"అందరూ అదే అంటారండి" అంది ఆవిడ, ఎత్తిపొడుపు లేకుండా. "రేపు మీ ఆఖరి రోజు. రేపు ఒక్కటి కూడా జారకపోతే నేను మాట్లాడి చూస్తాను. హెల్ప్‌డెస్క్ నంబరు పంపుతాను, పొద్దున్నే వాళ్ళతో మాట్లాడండి."

ఫోను పెట్టేశాక భర్తకి చెప్పింది. ఆయన ఆలోచించి, రౌటరుని అలమారా మీద నుంచి కిటికీలోకి మార్చాడు. మార్చి, కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఇక్కడైతే గాలి తగులుతుంది" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఇంట్లో మగవాళ్ళంతా వెళ్ళాక హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది. ఎత్తినవాడి గొంతు అప్పుడే ఎనిమిదిమందితో మాట్లాడి అలిసిపోయినట్టుంది. కంప్యూటరు ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. వేసింది. పాత పేజీల చెత్త ఏదైనా నిలవ ఉంటే తుడవమన్నాడు.

"అది మాకు చీపురు తుడుస్తుందండి."

"ఏంటీ?"

"చీపురు బొమ్మ."

"మీ బ్రౌజరు పైన కుడిపక్క బొమ్మలున్నాయా? ఏమేం ఉన్నాయో వరసగా చెప్పండి."

"సూర్యుడున్నాడు. అది మావారు పెట్టారు, వాన వస్తుందో రాదో చూడ్డానికి. డాలు కూడా ఆయనదే. భూతద్దం మా అత్తగారి కళ్ళకోసం. రాకెట్టూ ఎర్రచెయ్యీ మా మరిదివి. తాళం, చీపురు మా ఆడపడుచు భర్తవి."

"అమ్మా, నేనడిగింది బొమ్మల సంగతి. మీరు కుటుంబం మొత్తం చెప్పారు."

"మా ఇంట్లో రెండూ ఒకటేనండి."

అతను నవ్వలేదు గానీ గొంతులో అలసట కొంచెం తగ్గింది. ఓపిగ్గా చెప్పాడు. తాళం ప్రతి పేజీనీ లోకమంతా తిప్పి తెస్తోంది, అందుకే ఆలస్యం, అందుకే కొత్త చోటు అన్న గోల. చీపురు ఆమెని గుర్తుపట్టే గుర్తుల్ని కూడా ఊడ్చేస్తోంది. డాలూ చెయ్యీ రెండూ ఒకే పనికి పోటీపడి, జవాబు రాసే పెట్టెని కూడా ప్రకటన అనుకుని ఆపేస్తున్నాయి. రాకెట్టు గురించి చెప్పడానికి అతనికి మాటలు దొరకలేదు.

"అన్నీ తీసెయ్యండి. బాగైపోతుంది."

"తియ్యడం కుదరదండి."

"ఏం, తీస్తుంటే పోవడం లేదా?"

"అవి పోతాయి. మనుషులే పోనివ్వరు."

"మా మామగారు మా టీవీకి ఒక స్టెబిలైజరు తెచ్చిచ్చారండి" అన్నాడు అతను. "ఏళ్ళయింది. దానికి కరెంటు కూడా ఇవ్వం. కానీ టీవీ కిందే ఉంటుంది. సరే, మీరొక పని చెయ్యండి. అదే బ్రౌజర్లో కొత్త ప్రొఫైల్ తెరవండి. అదే ఇంట్లో ఇంకో గది అనుకోండి. అందులో ఎవరి సామానూ ఉండదు. పాతది పాతలాగే ఉంటుంది."

అతను చెప్పినచోటల్లా నొక్కింది. దీనికేం పేరు పెట్టమంటారని బ్రౌజరు అడిగింది. పని అని పెట్టింది. కొత్త కిటికీ తెరుచుకుంది. కుడిమూల ఖాళీగా, కడిగిన పలకలా ఉంది. కంపెనీ పేజీ నొక్కింది. చక్రం కోసం చూసింది. చక్రం రాలేదు, పేజీ వచ్చేసింది.

"వచ్చిందా అండీ?"

ఆమె వచ్చిందన్నట్టు తలూపి, ఫోన్లో తలూపితే కనబడదని గుర్తొచ్చి, వచ్చిందండి అంది.

ఆ రోజంతా ఆమె లేవలేదు. చిన్నకోడలు టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. ప్రశ్న రావడం, పెట్టె రావడం, జవాబు వెళ్ళడం, అంతే. ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళూ ప్రాణం తోడేసుకున్నాను అని మధ్యమధ్యలో ఒళ్ళు మండింది. సాయంత్రం కావస్తుండగా మిషను తిరుగుతున్న పెద్దాయన మళ్ళీ ఆమె వంతుకే వచ్చాడు. బోల్టుల సంగతి చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"అవి మన భద్రత కోసం కంపెనీవాళ్ళు పెట్టినవి కదమ్మా. తీస్తే ఏమన్నా అంటారేమో."

"ఏమీ అనరండి. తీసెయ్యండి" అని రాసింది.

కాసేపటికి ఆయన, "నిలబడింది. మా ఆవిడ వచ్చేసింది" అని రాశాడు.

భర్త వచ్చే వేళకి ఆమె కొత్త కిటికీ మూసేసి పాతది తెరిచి ఉంచింది. ఏడు బొమ్మలూ వరసలో నిగనిగలాడుతున్నాయి. అందరికీ మర్యాద దక్కింది, తనకి పని అయింది. తెలివైన పనే చేశానని ఆమెకి అనిపించింది. కానీ ఇంటికొచ్చే మనిషి అడుగుల చప్పుడు విని చేతిలో ఉన్నది దాచుకున్నట్టుగా కూడా అనిపించింది. ఆ రెండో సంగతి గురించి ఎక్కువ ఆలోచించలేదు.

శనివారం కబురొచ్చింది. ఉద్యోగం ఇచ్చారు.

ఆదివారం పొద్దున అందరూ కింది హాల్లోనే ఉన్నారు. ఆడపడుచు భర్త కూడా వచ్చాడు, ఆడపడుచు లోపల వంటింట్లో ఉంది. చిన్నకోడలి పరీక్ష మర్నాడే మొదలు. ఆమె కోసం కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. భోజనాల బల్ల మీద అట్టపెట్టె విప్పి, మరిది కుర్చీలో కూర్చుని దాన్ని తయారుచేస్తున్నాడు. ఆ ల్యాప్‌టాప్ ఎవరికోసం కొన్నారో ఆ మనిషి కుర్చీ వెనకాల, దాని వీపు పట్టుకుని నిలబడి ఉంది.

"వదినని రాకెట్టే గట్టెక్కించింది" అంటున్నాడు మరిది. "ముందు అదే పెడదాం."

"రాకెట్టు పెట్టి రెండు రోజులైనా బాగుపడలేదు కదయ్యా" అన్నాడు బ్యాంకాయన, ఈసారి పెద్దమనిషితనం కాస్త సడలించి. "తాళం వేశాక కుదుటపడింది."

"మీరిద్దరూ ఏమైనా అనండి, నేను రౌటరు కిటికీలోకి మార్చిన మర్నాడే కదా దారికొచ్చింది" అన్నాడు భర్త.

"పోనీ అన్నీ పెట్టేద్దాం. ఏ గొడవా ఉండదు" అని తేల్చాడు మరిది. రాకెట్టు వచ్చి కూర్చుంది. పక్కనే ఎర్రచెయ్యి. తాళం కోసం బ్యాంకాయన ముందుకి వంగాడు.

చిన్నకోడలు పెద్దకోడలి వంక చూసింది. అడగడమేమీ లేదు, ఊరికే చూసింది. వారమంతా గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి చూసింది ఆ పిల్లే. నీకు బాగానే ఉంటుందిలే అని చెప్పింది తను.

రేపు పొద్దున వంటింట్లో చెవిలో చెప్పెయ్యొచ్చు, కొత్త గది ఎలా తెరుచుకోవాలో. అప్పుడు ఎవరికీ అలక ఉండదు. కింద ఒకతి, పైన ఒకతి, బండి చప్పుడు వినబడగానే ఇద్దరూ కిటికీలు మూసుకుని, బొమ్మలు బయటికి తీసి పేర్చుకుంటూ కూర్చోవచ్చు. ఎన్నాళ్ళు? ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ. ఎదిగిన ఇద్దరు మనుషులు తమ పని తాము దొంగతనంగా చేసుకుంటూ. ఆ దృశ్యం కళ్ళకి కట్టేసరికి, వారమంతా అణుచుకున్న కోపం ఒక్కసారి కదిలింది.

"చెల్లి దాంట్లో ఏమీ పెట్టకు" అంది.

మరిది తలెత్తాడు. "ఏం వదినా?"

ఆమె గదిలోకి వెళ్ళి తన ల్యాప్‌టాప్ తెచ్చి కొత్తదాని పక్కన పెట్టింది. పాత కిటికీ తెరిచి, బొమ్మల వరస అందరికీ కనబడేలా తిప్పి, కంపెనీ పేజీ నొక్కింది. రాకెట్టు ముందుగా తన పేజీ తెరిచి, ఇంకా వేగం పెంచమంటారా అని అడిగింది. దాన్ని మూసింది. చక్రం తిరగడం మొదలైంది. అందరూ చక్రం వంక చూశారు. అది తిరుగుతూనే ఉంది.

పని అన్న కిటికీ తెరిచి అదే పేజీ నొక్కింది. వచ్చేసింది. పక్కన చక్రం ఇంకా తిరుగుతోంది.

"శుక్రవారం నేను చేసింది దీంట్లో. ఇందులో ఎవరి బొమ్మా లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు భర్త.

"చెబితే మీ తమ్ముడికి ఆకలి ఉండదు."

బ్యాంకాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. భర్త తెర దగ్గరికి వంగి, "సూర్యుడేం చేశాడు పాపం?" అన్నాడు చిన్నగా. మరిది మొహం మళ్ళీ అలాగే తయారవుతోంది, దవడ బిగుసుకుంటోంది. ఇంకో క్షణం ఊరుకుంటే, పోనీలే నీ రాకెట్టు ఒక్కటి ఉంచు అని తనే అనేస్తుందేమోనని పెద్దకోడలికి భయం వేసింది. ఇస్త్రీబల్లని పట్టుకుని నిలబడ్డట్టే భోజనాలబల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఏరా" అంది అత్తగారు మూలనున్న కుర్చీలోంచి. "ఇప్పుడు నీకు ఆకలుందా, లేదా? ముందే చెప్పు. వండింది మిగిలిపోతుంది."

హాల్లో ఎవరో నవ్వాపుకున్న చప్పుడైంది. మరిది తల్లి వంక చూశాడు, అన్న వంక చూశాడు, ఇంకా తిరుగుతున్న చక్రం వంక చూశాడు.

"ఉంది" అన్నాడు.

"నా భూతద్దం కూడా తీసెయ్ అమ్మాయ్" అంది అత్తగారు పెద్దకోడలితో. "నేను కళ్ళజోడు పెట్టుకునే చదువుతున్నాను ఇన్నాళ్ళూ. అబ్బాయి పెట్టాడు కదాని ఊరుకున్నాను."

మరిది కొత్త ల్యాప్‌టాప్‌లో రాకెట్టు మీదికి బాణం గుర్తు తీసుకెళ్ళి, అక్కడ ఆగాడు. "ఈ చెయ్యి ఒక్కటి ఉంచుతాను. ప్రకటనలు రాకుండా" అన్నాడు భార్యతో.

"కావలసొస్తే అడుగుతానండి" అంది చిన్నకోడలు.

ఆమె కుర్చీ వీపు మీంచి చేతులు తీసింది గానీ, అక్కణ్ణుంచి కదల్లేదు. అతను రాకెట్టునీ చెయ్యినీ తీసేశాడు. తర్వాత నెమ్మదిగా లేచాడు. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుంది.